కంప్యూటరు వైరసులు – మన నిత్యజీవితము

పాఠశాలలో జీవశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థికిని వైరస్ అను మాట తెలిసినదే. జలుబు మొదలు మశూచికము వరకు అనేక వ్యాధులకు వైరసులు కారణములు. కాని జీవము లేని యంత్రమునకు సయితము వైరస్ పట్టునని వినినప్పుడు కొంత ఆశ్చర్యము కలుగును. ఇది కేవలము ఉపమానమా, లేక ఇందు శాస్త్రీయమైన పోలిక ఏదైనను ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు నా స్వానుభవమొకటి మనవి చేసెదను.

నేను అధ్యాపకుడుగా చేరిన తొలి రోజులలో ఒకనాడు భౌతికశాస్త్ర ప్రయోగముల మార్కులను సాయంకాలము ఐదు గంటలలోపల ఇంటర్నెట్టు ద్వారా పంపవలసి యుండెను. నలుబది ఆరుగురు విద్యార్థుల మార్కులు నా పెన్ డ్రైవులో నున్నవి. అంతకు ముందు దినముననే దానిని బస్టాండు ఎదుటనున్న నెట్ సెంటరుకు తీసికొనిపోయి ఏవో కాగితములు ప్రింటు తీయించుకొంటిని. కళాశాలకు వచ్చి దానిని ప్రయోగశాలలోని కంప్యూటరుకు తగిలించి చూచునప్పటికి ప్రతి ఫోల్డరు బొమ్మకును మూలన చిన్న బాణపు గుర్తు కనిపించినది. నేను దానిని లక్ష్యపెట్టలేదు. అరగంటలో ఆ కంప్యూటరుకు తగిలించిన ఇతరుల పెన్ డ్రైవులకును అదే గుర్తు వచ్చినది. అప్పుడు భయపడి, వైరస్ పోవలెనను తొందరలో, నా పెన్ డ్రైవును ఫార్మాట్ చేసివేసితిని. వైరసుతోపాటు మార్కులును పోయినవి. వేరొక ప్రతి నా వద్ద లేదు.

గడియారము నాలుగు దాటినది. ప్రయోగములు మరల పెట్టుటకు వీలు లేదు. ఊహించి మార్కులు వేయుట అన్యాయము. ఏమియు తోచక కూర్చుండగా మా ప్రయోగశాల అటెండరుగారు, పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దాయన, ఒక లాంగు నోటుబుక్కు తెచ్చి బల్లపై పెట్టినారు. "మీరు రోజూ పిలిచి చెప్పిన మార్కులన్నీ ఇందులో వేసుకున్నాను సార్, ఒకసారి చూడండి" అన్నారు. నలుబది ఆరు పేర్లును, వాటి కెదురుగ మార్కులును నీలి సిరాతో వ్రాసియున్నవి. ఐదు గంటలకు కొద్ది నిమిషముల ముందు పని పూర్తియైనది.

తరువాత తెలిసికొనిన సంగతి నన్ను మరింత సిగ్గుపరచినది. ఆ వైరస్ నా ఫైళ్ళను నాశనము చేయనే లేదు. వాటిని కంటికి కనబడకుండ దాచి, అదే పేరుతో వాటి స్థానమున 'షార్ట్‌కట్' అను దారిచూపు గుర్తులను పెట్టినది, అంతే. ఆ గుర్తుపై నొక్కినప్పుడు మొదట వైరస్ మేల్కొని, పిమ్మట మన ఫోల్డరును తెరచి చూపును. కావలసినది కనబడుచున్నది గనుక మనకు అనుమానము కలుగదు. తెలిసినవారెవరైనను ఒక చిన్న ఆజ్ఞతో ఆ ఫైళ్ళను తిరిగి పైకి తెచ్చియుందురు. వైరస్ చేసిన నష్టముకంటె నా అజ్ఞానము, నా తొందర చేసిన నష్టమే ఎక్కువ. ఈ విషయమును గూర్చి చదువవలెనను కోరిక నాకు ఆనాడే కలిగినది.

వైరస్ అనగా నేమి?

కంప్యూటరు తనంత తాను ఏమియు చేయదు. ఇది చేయుము, తరువాత అది చేయుము అని వరుసగా వ్రాసియుంచిన ఆజ్ఞల పట్టికను అనుసరించి నడచును. ఆ పట్టికకే ప్రోగ్రామని పేరు. ఒక ఫైలును చూచి మరియొక ప్రతి వ్రాయుట కంప్యూటరుకు నిత్యకృత్యము. అట్లయినచో 'నన్నే నకలు తీసి మరియొక చోట ఉంచుము' అను ఆజ్ఞ గల ప్రోగ్రామును వ్రాసినచో ఏమగును? అదియే కంప్యూటరు వైరసునకు మూలము.

ఒక యంత్రము తనవంటి యంత్రమును తానే తయారు చేయగలదా అను ప్రశ్నను గణితశాస్త్రజ్ఞుడైన జాన్ ఫాన్ నాయ్‌మన్ 1949లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఇచ్చిన ఉపన్యాసములలో చర్చించి, సాధ్యమేనని చూపెను. ఆయన మరణానంతరము ఆ సిద్ధాంతము 1966లో గ్రంథరూపమున వెలువడినది. 1983లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను విద్యార్థి అట్టి ప్రోగ్రామును వ్రాసి తరగతిలో ప్రదర్శించెను. దానికి వైరస్ అను పేరు సూచించినవాడు అతని గురువు లెనార్డ్ ఏడిల్‌మన్. నేడు ఇంటర్నెట్టుపై రహస్యములను కాపాడు ఆర్.ఎస్.ఏ. సంకేత పద్ధతిని కనుగొనిన ముగ్గురిలో ఆయన యొకడు.

ఈ పేరు సార్థకమైనది. జీవశాస్త్రములోని వైరస్ మాంసకృత్తుల కవచములో నున్న కొద్దిపాటి డి.ఎన్.ఏ. లేక ఆర్.ఎన్.ఏ. మాత్రమే. జీవకణము వెలుపల అది వృద్ధి పొందలేదు. కణములో ప్రవేశించి, కణముయొక్క సాధనసంపత్తినే వాడుకొని తన ప్రతులను తయారు చేయించుకొనును. కంప్యూటరు వైరసును అట్లే మరియొక ప్రోగ్రామునో, ఫైలునో ఆశ్రయించి, అది నడచినప్పుడు తాను నడచును. కాని ఒక ముఖ్యమైన భేదము కలదు. ప్రకృతిలోని వైరసును ఎవరును వ్రాయలేదు. కంప్యూటరు వైరసును మాత్రము ఎవరో ఒకరు కూర్చుండి, ఆలోచించి వ్రాసినారు. దాని వెనుక మనుష్యుని బుద్ధి – ఒకప్పుడు చాపల్యము, ఒకప్పుడు దురాశ – ఉండితీరును.

వాడుకలో అన్నిటిని వైరస్ అనుచున్నను, నిపుణులు వీనిలో జాతులను గుర్తింతురు. ఇతర ఫైళ్ళను అంటిపెట్టుకొని వ్యాపించునది వైరస్. ఎవరి సహాయమును లేక తానే ఒక కంప్యూటరునుండి మరియొక దానికి ప్రాకునది 'వర్మ్', అనగా పురుగు. మంచి ప్రోగ్రామువలె నటించి, మనచేతనే లోపలికి పిలిపించుకొనునది 'ట్రోజన్'. గ్రీకుల పురాణ కథలో సైనికులను కడుపున దాచుకొని ట్రాయ్ నగరములో ప్రవేశించిన కొయ్యగుర్రమే ఈ పేరునకు ఆధారము. మన ఫైళ్ళను సంకేత భాషలోనికి మార్చి, తాళపుచెవి కొరకు సొమ్ము కోరునది 'రాన్సమ్‌వేర్'.

కొన్ని చరిత్రాత్మక సంఘటనలు

1971లో అమెరికాలోని ఆర్పానెట్‌పై 'క్రీపర్' అను ప్రోగ్రాము కంప్యూటరునుండి కంప్యూటరునకు ప్రాకుచు ఒక చిన్న సందేశము చూపెను. అది కీడు తలపెట్టినది కాదు, ప్రయోగము మాత్రమే. 1982లో పదునైదేండ్ల బాలుడు రిచ్ స్క్రెంటా వ్రాసిన 'ఎల్క్ క్లోనర్' ఆపిల్ కంప్యూటర్ల ఫ్లాపీలలో వ్యాపించి, ఏబదవ మారు వాడినప్పుడు ఒక పద్యమును తెరపై చూపెడిది. 1986లో లాహోరు నగరమునందలి ఇద్దరు సోదరులు వ్రాసిన 'బ్రెయిన్' వైరస్ ఫ్లాపీల ద్వారానే దేశదేశములకు ప్రాకినది.

1988 నవంబరు 2న జరిగిన సంఘటన మరింత గమనింపదగినది. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ మారిస్ ఒక పురుగును ఇంటర్నెట్టుపై విడిచెను. ఒకసారి తాను ప్రవేశించిన కంప్యూటరులో మరల ప్రవేశింపకుండ అది ముందు విచారించెడిది. కాని యజమానులు 'ఇదివరకే ఉన్నది' అని అబద్ధపు జవాబు నేర్పి దానిని ఆపుదురేమో అను శంకతో, ఏడు మారులలో ఒక మారు జవాబును లెక్కచేయక నిలిచిపొమ్మని అతడు ఏర్పాటు చేసెను. ఆ చిన్న అంచనా తప్పినది. ఒక్కొక్క కంప్యూటరులో పదులకొలది ప్రతులు పేరుకొని, భారముతో యంత్రములు స్తంభించినవి. అప్పటి ఇంటర్నెట్టులో సుమారు 60,000 కంప్యూటర్లుండగా అందు 6,000 దెబ్బతినినవని అంచనా. న్యాయస్థానము అతనికి మూడేండ్ల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించినది. అతడు తరువాతి కాలమున ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యెను.

ఇంత వేగముగ వ్యాపించుటకు కారణమేమి? విద్యార్థులు ఒక లెక్క చేసి చూడవచ్చును. సోకిన ప్రతి కంప్యూటరు గంటకొక క్రొత్త కంప్యూటరునకు వైరసును అంటించుననుకొందము. ఒకటి రెండగును, రెండు నాలుగగును. పది గంటలకు 1,024. ఇరువది గంటలకు 10,48,576. మొదటి పది గంటలలో ఎవరికిని కనబడనిది తరువాతి పది గంటలలో ప్రపంచ సమస్య యగును. గుణశ్రేఢియొక్క స్వభావమే ఇది.

2017 మే 12న 'వాన్నా క్రై' అను రాన్సమ్‌వేర్ ఈ లెక్కను నిజము చేసి చూపినది. కొద్ది దినములలో సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకి, ఒక్కొక్క యజమానిని 300 డాలర్లు కోరినది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖయందలి కొన్ని కంప్యూటర్లకును అది సోకినది. అది ప్రవేశించిన రంధ్రమును మూయుటకు వలయు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ రెండు నెలలకు ముందే, మార్చిలోనే, విడుదల చేసియుండెను. సవరణ వేసికొనక అశ్రద్ధ చేసిన యంత్రములే ఎక్కువగా చిక్కినవి. మందు ఇంటిలోనే ఉన్నను పుచ్చుకొనని రోగివంటివారము మనము.

సంపూర్ణ నివారణ సాధ్యమా?

వైరసులను పట్టు ప్రోగ్రాములు ఎన్నో యున్నవి గదా, అన్నిటిని పట్టు ప్రోగ్రామును ఎందుకు వ్రాయరాదని విద్యార్థులు తరచు అడుగుదురు. అది అసాధ్యమని కోహెనే నిరూపించెను. ఆ తర్కము హైస్కూలు విద్యార్థికిని బోధపడునంత సులభమైనది. ఏ ప్రోగ్రామునైనను పరీక్షించి, వైరస్ అవునో కాదో తప్పక చెప్పగల పరీక్షకుడొకడు ఉన్నాడనుకొందము. అప్పుడు ఒక కొంటె ప్రోగ్రామును ఇట్లు వ్రాయుదము: 'ముందుగా నన్ను గూర్చి పరీక్షకుని అడుగుము. వైరస్ అని చెప్పినచో ఏమియు చేయక ఊరకుండుము. కాదని చెప్పినచో వ్యాపింపుము.' పరీక్షకుడు అవునన్న అది వైరస్ కాదు. కాదన్న అది వైరస్. ఏమి చెప్పినను తప్పే. కావున తప్పు చేయని పరీక్షకుడు ఉండజాలడు.

ఆయినంత మాత్రమున ఉన్న రక్షణ నిష్ప్రయోజనమని తలంపరాదు. తెలిసిన వైరసుల గుర్తులను వేలిముద్రలవలె భద్రపరచుకొని పోల్చి చూచుట, అనుమానింపదగిన నడవడిని కనిపెట్టుట అను రెండు మార్గములలో ఈ ప్రోగ్రాములు పనిచేయును. అవి చాలవరకు పట్టుకొనును. మిగిలిన కొద్దిపాటికి మన జాగ్రత్తయే మందు.

మన ఆధారపాటు

వైరస్ కంటెను లోతైన ప్రశ్న మరియొకటి కలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన సవరణలో దోషముండుటచే సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కసారిగ నిలిచిపోయినవి. అది వైరస్ కాదు. వైరసులనుండి కాపాడుటకు వేసిన ప్రోగ్రామే. అయినను అనేక దేశములలో విమానములు ఆగినవి. హైదరాబాదు విమానాశ్రయమున కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చినారు. ఆ చీటీ ఛాయాచిత్రమును చూచినప్పుడు నాకు మా అటెండరుగారి నోటుబుక్కు జ్ఞాపకమునకు వచ్చినది.

నా దినచర్యను ఒకసారి లెక్క వేసికొంటిని. ఉదయము పాలవానికి సొమ్ము ఫోనుద్వారా చెల్లింతును. బస్సు టిక్కెట్టు, కరెంటు బిల్లు, విద్యార్థుల హాజరు, ఉపకారవేతనముల దరఖాస్తులు, పరీక్షల హాల్ టిక్కెట్లు అన్నియు ఇంటర్నెట్టుమీదనే. నా భార్య ఫోను నెంబరు సయితము నాకు కంఠతః రాదని ఒకనాడు ఫోను చెడినప్పుడు గాని తెలియలేదు. ఈ సౌకర్యమును నేను నిందింపను. ఒకప్పుడు ధ్రువపత్రము కొరకు మండల కార్యాలయము చుట్టు తిరిగిన కుటుంబములోనుండి వచ్చినవాడను. దూర గ్రామముననున్న బాలిక నేడు ఇంటివద్దనే కూర్చుండి కళాశాలకు దరఖాస్తు పెట్టుకొనుట గొప్ప మేలు. కాని ఆమె దరఖాస్తు గడువు నాడు సర్వరు ఆగిపోయినచో, ఆ దెబ్బ తగులునది ఆమెకే. ఆధారపడుట తప్పు కాదు. ఒక్క ఊతకోలమీదనే బరువంతయు మోపుట అవివేకము.

మనము చేయదగినవి

ముఖ్యమైన ప్రతి ఫైలునకు మూడు ప్రతులుండవలెను. అందు ఒకటి వేరొక సాధనమునందును, మరియొకటి వేరొక స్థలమునందును ఉండుట మేలు. కంప్యూటరుకును, ఫోనుకును వచ్చు సవరణలను వాయిదా వేయక స్వీకరింపవలెను. పరులచోట వాడిన పెన్ డ్రైవును పరీక్షింపక తెరువరాదు. పెండ్లి శుభలేఖయనియు, బ్యాంకు నోటీసనియు వాట్సాపులో వచ్చు ఏ.పి.కె. ఫైళ్ళను నొక్కరాదు, అవి ఫోనులో చొరబడి ఓ.టి.పి.లను దొంగిలింపగలవు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను. ఎంత శీఘ్రముగ చెప్పిన, సొమ్ము నిలుపుదల చేయుటకు అంత అవకాశము కలదు. అన్నిటికంటె ముఖ్యము, వైరస్ కనబడగనే తొందరపడరాదు. ఇది అనుభవముమీద చెప్పుచున్న మాట.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న సూచన. గుణశ్రేఢి పాఠము చెప్పునప్పుడు వైరస్ వ్యాప్తి లెక్కను నల్లబల్లపై వేసి చూపుడు. కోహెన్ తర్కమును విద్యార్థులచేతనే వాదింపజేయుడు. భయము కలిగించుటకంటె తెలివి కలిగించుట మేలు.

మా అటెండరుగారు పదవీ విరమణ చేసినారు. మార్కులను నేను నేడును కంప్యూటరులోనే వేయుచున్నాను, మూడు ప్రతులు తీయుచున్నాను. అయినను నా బల్ల సొరుగులో ఒక లాంగు నోటుబుక్కు ఉన్నది. ప్రయోగము ముగిసిన ప్రతి సాయంకాలమును అందు మార్కులను సిరాతో వ్రాసికొందును.