గుండెకు ఊపిరి పోసే నాలుగు మందులు

1944 మార్చి చివర్లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో పరీక్షించిన వైద్యుడు హోవర్డ్ బ్రూన్‌కు ఎటు చూసినా ప్రమాద సూచనలే కనిపించాయి. బీపీ 186/108. గుండె బాగా పెరిగి ఉంది. ఊపిరితిత్తుల అడుగున నీటి చప్పుడు. జబ్బు కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్. యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ సంగతి దేశానికి చెప్పలేదు. బ్రూన్ ప్రధానంగా డిజిటాలిస్ ఇచ్చారు, ఉప్పు తగ్గించారు, విశ్రాంతి తీసుకోమన్నారు.

ఆ డిజిటాలిస్ కూడా పాతదే. ఒంటికి నీరు పట్టినవాళ్లకు అది తయారయ్యే ఫాక్స్‌గ్లవ్ ఆకు ఎలా పనిచేసిందో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విథరింగ్ 1785లోనే పుస్తకం రాశారు. దేశాధినేతకు సైతం నూటయాభై ఏళ్లు దాటిన ఆకుమందే దిక్కయింది. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో రూజ్‌వెల్ట్ చనిపోయారు.

హార్ట్ ఫెయిల్యూర్ చాలాసార్లు చప్పుడు లేకుండా వస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాల వాపు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఒక దిండు కాస్తా మూడవుతుంది. అర్ధరాత్రి లేచి కూర్చోవాల్సి వస్తుంది. వయసు మీదపడిందనో, గ్యాసనో, ఉబ్బసమనో ఇంట్లోవాళ్లు నెలల తరబడి సరిపెట్టుకుంటారు. పోయేది ఆ విలువైన కాలమే.

గుండె ఆగిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒంటికి చాలినంత రక్తం పంపలేకపోతుంది. ఎకో తీశాక ‘పంపింగ్ 30 శాతమే’ అనగానే చాలామంది హడలిపోతారు. ఆరోగ్యవంతుల్లోనూ అది నూరు ఉండదు, 50 నుంచి 70 మధ్య ఉంటుంది. పంపింగ్ మామూలుగానే ఉండి, గుండె కండరం బిగుసుకుపోయి జబ్బు పడేవాళ్లూ ఉన్నారు. బీపీ, ఊబకాయం ఉన్న పెద్దవాళ్లలో ఇది ఎక్కువ.

అసలు చిక్కు శరీరం చేసే సాయంలోనే ఉంది. రక్తం తక్కువగా అందేసరికి మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరిగి గుండెను తరుముతాయి, రక్తనాళాలు బిగుస్తాయి. గాయమై రక్తం పోయినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. నెలల తరబడి సాగితే మాత్రం అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్టే.

అందుకే ఈ జబ్బుకు మంచి మందులు గుండెను తరిమేవి కావు, ఆ తరుముడును ఆపేవి. ఇది ఒప్పుకోవడానికి వైద్యులకే కాలం పట్టింది. బలహీనమైన గుండెకు అడ్రినలిన్ తరుముడును అడ్డుకునే బీటా బ్లాకర్లు ఇవ్వకూడదని వాళ్లు చదువుకున్నారు. 1975లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం ధైర్యం చేసి కొద్దిమందికి ఇచ్చి మెరుగుదల చూపించింది. ఆ మందులతో మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని రెండు పెద్ద పరీక్షలు తేల్చేసరికి 1999 వచ్చింది. ఈలోగా 1987లో ఎనాలాప్రిల్, తర్వాత స్పైరోనోలాక్టోన్ నిలదొక్కుకున్నాయి. షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేని గుండె రోగులకూ మేలు చేస్తుందని 2019లో తెలిసింది. పంపింగ్ తగ్గినవారికి ఇప్పుడు ఈ నాలుగు రకాలూ కలిపి ఇస్తున్నారు.

మందులున్నా అందరికీ అందడం లేదు. 2013లో తిరువనంతపురంలో ఈ జబ్బు రోగుల రిజిస్ట్రీలో నమోదైన 1,205 మంది సగటు వయసు 61 ఏళ్లే. వాళ్లలో దాదాపు మూడో వంతు మంది ఏడాది తిరక్కుండానే చనిపోయారు.

ఇంట్లో చేయాల్సిందీ తక్కువేం కాదు. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు అన్నది మామూలు మనిషికే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప, మజ్జిగ మిరపకాయ ఉన్న కంచంలో ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. రోజూ పొద్దున్నే, టిఫిన్‌కు ముందు బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. మోకాళ్ల నొప్పికని సొంతంగా డైక్లోఫెనాక్ కొనుక్కోవడం ఈ రోగులకు ప్రమాదం. అదీ నీటిని పట్టి ఉంచుతుంది.

ఒళ్లు తేలికపడ్డాక మాత్రలు మానేసేవాళ్లకు 2019లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధన గురించి చెప్పి తీరాలి. గుండె ఉబ్బి బలహీనపడి, మందులతో పంపింగ్ మామూలు స్థితికి వచ్చిన 51 మందిని అందులో పరీక్షించారు. 25 మందికి మందులు మెల్లగా తీసేస్తే ఆరు నెలల్లో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. ఆ ఆరు నెలలూ మందులు వాడిన 26 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు.