యువతకు క్షమాగుణం ఎలా నేర్పుదాం?



దొర్నిపాడు లాంటి ఊళ్లో మాట పట్టింపు వచ్చిన ఇద్దరూ రోజూ ఎదురుపడక తప్పదు. అదే వీధి, అదే మస్జిద్, అదే సఫ్. తిరిగిరాని చేబదులు, ఫోన్‌లో పెట్టిన ఎగతాళి మాట, అన్నదమ్ముల పొలం పంపకం... ఇలాంటివే మన యువకుల మధ్య ఏళ్ల తరబడి సలాములు కూడా లేకుండా చేస్తున్నాయి. పెద్దలుగా మనం ఏం చేస్తున్నాం? పండుగ నమాజు కాగానే ఇద్దరినీ పట్టుకొచ్చి కౌగిలింతలు పెట్టిస్తున్నాం. చేతులు కలుస్తున్నాయి గానీ మనసులో ముల్లు అలాగే ఉంటోంది.

క్షమించడమంటే జరిగింది తప్పు కాదని ఒప్పుకోవడం కాదు. దివ్య ఖురాన్ 42వ సూరా 40వ ఆయత్, అన్యాయానికి సమానమైన ప్రతిచర్య కోరే హక్కును గుర్తించిన తర్వాతే, క్షమించి సరిదిద్దుకునేవారికి అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉందని చెబుతుంది. కాబట్టి కొట్టే భర్త దగ్గరకు 'క్షమించి వెళ్లు' అని ఏ ఆడబిడ్డనూ ఒత్తిడి చేయకూడదు. అక్కడ ముందు రక్షణ, న్యాయం.

దాతలకు హజ్రత్ అబూబకర్ (ర) ఉదంతం తెలిసిందే. పేద బంధువైన మిస్తహ్‌ను ఆయనే ఆదుకునేవారు. తన కుమార్తె బీబీ ఆయిషా (ర)పై వచ్చిన నిందను మిస్తహ్ కూడా ప్రచారం చేయడంతో, ఇక సాయం చేయనని ఒట్టు పెట్టుకున్నారు. సూరా నూర్ 22వ ఆయత్ అవతరించాక ఆ సాయాన్ని మళ్లీ కొనసాగించారు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ క్షమను ఐదు మెట్లుగా నేర్పుతారు: గాయాన్ని దాచకుండా గుర్తు చేసుకోవడం, ఎదుటివారి స్థితిని ఊహించడం, క్షమను కానుకగా ఇవ్వడం, ఆ నిర్ణయాన్ని రాసిపెట్టుకోవడం, కోపం తిరిగొచ్చినా దాన్ని నిలుపుకోవడం. ఈ పద్ధతిలో ఎవరికి వారు చేసుకునే అభ్యాస పుస్తకాన్ని ఇండోనేషియా సహా ఐదు దేశాల్లో 4,598 మందితో పరీక్షించి, 2024లో ఫలితాలు ప్రచురించారు. దిగులు, ఆందోళన తగ్గినట్లు తేలింది.

దీనికి భవనం అక్కర్లేదు. ఇషా తర్వాత ఒక గది, నోటుపుస్తకం, విన్నది బయట చెప్పని ఒక పెద్ద మనిషి, ఆడపిల్లలకైతే ఒక ఆపా చాలు. అందుకే ఈసారి మీ విరాళంతోపాటు మీ సాయంత్రాలూ అడుగుతున్నాం. వచ్చే పండుగకు ఆ ఇద్దరినీ కలిపే ముందు, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి విందాం.

అల్లాహ్ మన పిల్లల మనసులను కలుపుగాక. ఆమీన్.