మీకు తెలుసా? గుంటూరు పక్కన తెలుగు యూదులు

తెలుగే మాతృభాషగా ఉన్న యూదులు మన దగ్గరే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో వీళ్ల ప్రార్థనా మందిరం 1991లో వెలిసింది. ఇజ్రాయెల్ పన్నెండు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి మాది అని చెప్పుకునే వీరిని ‘బెనె ఎఫ్రాయీము’ అంటారు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు ఈ సమాజానికి దారి చూపారు. చాలామంది మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు. అందుకే వీళ్ల కథలో మతంతో పాటు ఆత్మగౌరవ పోరాటమూ ఉంది. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇక వేరే దేశాల్లోని యూదుల సంగతికి వస్తే, అమెరికాలోని యూదు పిల్లలకు వేసవి సెలవుల్లో కలిసి యాత్రకు వెళ్లడం మామూలు. సంప్రదాయం పాటించే బృందాల బస్సు శుక్రవారం పొద్దుగూకేలోపే ఆగిపోతుంది. అప్పటి నుంచి శనివారం రాత్రి దాకా సాగే విశ్రాంతి దినమంతా ప్రయాణం ఉండదు. శనివారం చుక్కలు పొడిచాక అందరూ గుండ్రంగా నిలబడి, జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగిస్తారు. లవంగాలో దాల్చినచెక్కో ఉన్న డబ్బీ చేతులు మారుతుంది, ఒక్కొక్కరూ వాసన చూస్తారు. పుస్తకంలో వంద పేజీలు చదివినా రాని దగ్గరితనం ఆ కాసేపట్లో వస్తుంది.

ఇలాంటి యాత్రలు ఇజ్రాయెల్‌కూ ఉన్నాయి: 1999లో మొదలైన ‘బర్త్‌రైట్ ఇజ్రాయెల్’ పథకం పద్దెనిమిదేళ్లు నిండిన యూదు యువతను పది రోజుల పాటు ఉచితంగా ఇజ్రాయెల్‌కు తీసుకెళ్తుంది.

మన తెలుగు యూదుల గురించి ఇంకా తెలుసుకోవాలంటే యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఇంగ్లీషులో రాసిన ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ చదవండి.