అడగండి, కానీ ఆఫర్ చేజారకుండా

“అడగందే అమ్మైనా పెట్టదు” అని మా నాయనమ్మ అనేది. జర్మనీలో ఉద్యోగం వెతుక్కుంటున్న మా అన్నయ్య కూతురికి నేనూ అదే చెప్పాను. ఎలా అడగాలో మాత్రం చెప్పలేదు.

మా అమ్మాయి పుట్టింది డర్బన్‌లో. చదివింది డార్మ్‌స్టాట్‌లో. ఈ ఊరు ఫ్రాంక్‌ఫర్ట్‌కు దక్షిణంగా ఉంది. దీనికి ‘సైన్స్ నగరం’ అని పేరు. మెర్క్ మందుల కంపెనీ, సాంకేతిక విశ్వవిద్యాలయం, ఐరోపా ఉపగ్రహాలను నడిపే కేంద్రం ఇక్కడే ఉన్నాయి.

జర్మనీలో చదువు ముగించిన విదేశీయులు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు అక్కడ ఉండవచ్చు. మా అమ్మాయికి అందులో 11 నెలలు గడిచిపోయాయి. అప్పుడు ఒక చిన్న కంపెనీ ఆఫర్ పంపింది. జీతం ఏడాదికి 52,000 యూరోలు. జవాబుకు వారం గడువు.

మూడో రోజున తను ఇలా రాసింది: “57,000 ఇస్తే చేరతాను.” రెండు రోజులకు జవాబు వచ్చింది: “అంత ఇవ్వలేము. వేరే వారిని తీసుకుంటున్నాము.” కంగారుపడి “సరే, 52,000కే వస్తాను” అని రాసింది. లాభం లేకపోయింది.

“అత్తా, గడువు ఇంకా రెండు రోజులు ఉంది కదా! ఇదేం న్యాయం?” అని ఫోన్‌లో ఏడ్చింది.

జర్మనీ పౌర చట్టం 1900 నుంచి అమలులో ఉంది. అందులో 150వ సెక్షన్ ప్రకారం, ఆఫర్‌ను మార్పులతో ఒప్పుకుంటే, దాన్ని కాదన్నట్టే. మనమే కొత్త ఆఫర్ పెట్టినట్టు. ఒకసారి కాదన్న ఆఫర్‌కు అవతలివారు కట్టుబడి ఉండనక్కర్లేదు. గడువు మిగిలి ఉన్నా అంతే.

మరి ఎలా అడగాలి? ప్రశ్నలా అడగాలి. “మీ ఆఫర్‌కు ధన్యవాదాలు. మీ దగ్గర పని చేయాలని ఉంది. జీతం కొంచెం పెంచే వీలుందా?” ఇందులో ‘ఇస్తేనే వస్తాను’ అన్న మాట లేదు. కాబట్టి పాత ఆఫర్ అలాగే ఉంటుంది.

ఇంకో మూడు జాగ్రత్తలు.

ఒకటి: కొన్ని చోట్ల జీతం పట్టిక ప్రకారం ఇస్తారు. డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం అలాంటిదే. అక్కడ అంకె మీద బేరం ఆడి లాభం లేదు. మీ పాత అనుభవాన్ని ఏ మెట్టుకు లెక్క కడతారో అడగండి. అదీ సంతకానికి ముందే.

రెండు: వీసా. బ్లూ కార్డుకు జీతం ఒక హద్దు దాటాలి. 2025లో ఆ హద్దు మామూలుగా 48,300 యూరోలు. కొత్తగా చదువు ముగించినవారికి, మనుషుల కొరత ఉన్న పనులకు 43,759.80. పని గంటలు తగ్గించమని అడిగితే జీతమూ తగ్గుతుంది. అది హద్దు కిందికి జారకుండా చూసుకోండి.

మూడు: కొత్త కాగితం మీద సంతకాలు అయ్యేవరకు పాత ఉద్యోగం వదలకండి.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అలా నటాల్ వచ్చిన మన పెద్దల చేతిలోనూ ఒక కాగితం ఉండేది. అగ్రిమెంట్ అన్న ఇంగ్లీషు మాట వాళ్ల నోట ‘గిర్మిట్’ అయింది. మొదటి ఏడాది మగవారికి నెలకు 10 షిల్లింగులు. తర్వాత ఏటా ఒక షిల్లింగు ఎక్కువ. అడిగినా ఆ అంకె మారేది కాదు. అడిగే అవకాశం మనకు ఉంది. అందుకే దాన్ని పాడుచేసుకోకూడదు.

పోయిన నెల మా అమ్మాయికి ఇంకో ఆఫర్ వచ్చింది. ఈసారి ముందు “ఈ ఉద్యోగం నాకు నచ్చింది” అని చెప్పింది. తర్వాత జీతం గురించి అడిగింది. 1,500 యూరోలు పెంచారు. వెంటనే సంతకం పెట్టింది.

మా నాయనమ్మ ఇంకో మాట కూడా అనేది: “నోరు మంచిదైతే ఊరు మంచిది.” ఆ రెండు మాటలూ కలిపి చెప్పాల్సింది నేను.