పెద్దల కార్టూన్లకు పెద్దదిక్కు మైక్ జడ్జ్

కార్టూన్ అనగానే పసిపిల్లల కాలక్షేపమేనన్న అభిప్రాయం మన ఇళ్లలో బలంగా నాటుకుపోయింది. తెరపై బొమ్మలు కదులుతుంటే చాలు, పిల్లలను దాని ముందు కూర్చోబెట్టి పెద్దలు తమ పనుల్లో నిమగ్నమవుతారు. అమెరికాలో మాత్రం పెద్దలను ఉద్దేశించి రూపొందిన బొమ్మల ధారావాహికలు దశాబ్దాలుగా ప్రసారమవుతున్నాయి. వాటి సృష్టికర్తల్లో అగ్రగణ్యుడు మైక్ జడ్జ్. రచయిత, చిత్రకారుడు, దర్శకుడు, గాత్రధారి.. అన్నీ తానే అయిన ఆయన ప్రస్థానం ఉద్యోగార్థులకే కాక తల్లిదండ్రులకూ ఆలోచన రేకెత్తిస్తుంది.

భౌతికశాస్త్రం నుంచి బొమ్మల దాకా..

1962లో దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌లో జన్మించిన జడ్జ్ అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో పెరిగారు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పట్టా పొందారు. యుద్ధవిమానాల ఎలక్ట్రానిక్ పరీక్ష వ్యవస్థలపై కొంతకాలం పనిచేశారు. ఆ తరువాత సిలికాన్ వ్యాలీలో ఒక చిన్న సంస్థలో చేరి, మూడు నెలలు తిరగకుండానే రాజీనామా చేశారు. సంగీత బృందాల్లో బేస్ గిటార్ వాయిస్తూ జీవనం సాగించారు. 1989లో 16 ఎంఎం కెమెరా కొని, ఇంట్లోనే బొమ్మలు గీసి చిత్రీకరించడం ఆరంభించారు.

గొంతే ప్రాణం

ఈ కళలో ముందుగా సంభాషణలను రికార్డు చేస్తారు. ఆ గొంతుకు అనుగుణంగా పెదవుల కదలికలు, హావభావాలు గీస్తారు. కనుక నవ్వు పండేది సగం గొంతులోనే. జడ్జ్ తన ప్రధాన పాత్రలకు స్వయంగా గాత్రం ఇస్తారు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక కళాకారుడే బొమ్మను ఆడిస్తూ గొంతు మార్చి పలకడం వంటిదే ఇది. కేతిగాడు, బంగారక్కల మోటు సరసం పెద్దలను నవ్వించడానికి పుట్టినదేనన్న సంగతి ఇక్కడ గమనార్హం.

నవ్వుల వెనుక వివాదం

1993 మార్చిలో ఎంటీవీలో 'బీవిస్ అండ్ బట్‌హెడ్' ప్రారంభమైంది. సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ వెకిలిగా నవ్వే ఇద్దరు మొద్దబ్బాయిల కథ ఇది. ఇద్దరి గొంతూ జడ్జ్‌దే. అదే ఏడాది అక్టోబరులో ఒహాయో రాష్ట్రంలో ఐదేళ్ల బాలుడు పెట్టిన నిప్పుకు రెండేళ్ల చెల్లెలు బలైంది. కార్యక్రమంలోని నిప్పు ప్రస్తావనలే కారణమని తల్లి ఆరోపించారు. దీంతో ఎంటీవీ ఆ ప్రస్తావనలను తొలగించి, ప్రసారాన్ని రాత్రి పొద్దుపోయాక వచ్చే వేళకు మార్చింది. పెద్దల కోసం చేసిన బొమ్మ పసివాడి కంట పడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అప్పటి నుంచీ వెన్నాడుతూనే ఉంది.

సగటు మనిషికి పట్టం

1997లో గ్రెగ్ డేనియల్స్‌తో కలిసి ఫాక్స్ ఛానల్ కోసం 'కింగ్ ఆఫ్ ద హిల్' రూపొందించారు. టెక్సాస్‌లో ప్రొపేన్ గ్యాస్ విక్రయించే నిజాయితీపరుడు హ్యాంక్ హిల్ ఇందులో కథానాయకుడు. ఎవరినీ కించపరచకుండా మధ్యతరగతి సంసారాన్ని సున్నితంగా చిత్రించిన ఈ ధారావాహికకు 1999లో ఎమ్మీ పురస్కారం లభించింది. 13 సీజన్ల తరువాత ఆగిన ఈ కథ 2025 ఆగస్టులో హులూలో మళ్లీ మొదలైంది.

తెలుగువారికి సుపరిచిత లోకం

ఆయన దర్శకత్వంలో 1999లో 'ఆఫీస్ స్పేస్' అనే చలనచిత్రం వెలువడింది. కథానాయకుడి ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో వైటూకే సమస్యను సరిదిద్దడం. సరిగ్గా ఆ పని కోసమే ఆ రోజుల్లో మన పల్లెలూ పట్టణాల నుంచి ఎందరో యువకులు అమెరికా విమానమెక్కారు. థియేటర్లలో అంతంతమాత్రంగా ఆడిన ఆ చిత్రం, వీడియోల ద్వారా ఉద్యోగుల ఆదరణ చూరగొంది. 2014 నుంచి 2019 వరకు హెచ్‌బీఓలో వచ్చిన 'సిలికాన్ వ్యాలీ' సైతం ఆ కంప్యూటర్ కొలువుల లోకంపై సంధించిన వ్యంగ్యాస్త్రమే. విసుగు పుట్టించిన ఉద్యోగమే ఆయనకు కథావస్తువుగా మారడం విశేషం.

తల్లిదండ్రులూ.. తస్మాత్ జాగ్రత్త!

నేడు ఇలాంటి కార్యక్రమాలు చరవాణిలోనే లభిస్తున్నాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఓటీటీ వేదికలు ప్రతి కార్యక్రమానికీ యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అనే వయోవర్గీకరణను చూపాలి. యు/ఎ 13+, ఆపై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం కల్పించాలి. బొమ్మ ముద్దుగా ఉన్నంత మాత్రాన మాట కూడా పసిపిల్లలకు తగినదని భావించరాదు. కార్యక్రమం ఆరంభంలో కనిపించే ఆ గుర్తును ఒక్కసారి చూసిన తరువాతే ఫోను పిల్లల చేతికివ్వడం శ్రేయస్కరం.