చీటీమీది అంకెయు, ముక్కు తీర్పును

కెనడా దేశమున గంజాయి 2018 అక్టోబరు 17వ తేదీనుండి శాసనసమ్మతమైన సరకయ్యెను. ఆంటారియో రాష్ట్రమునందు పందొమ్మిదేండ్లు నిండినవా రెవ్వరైనను, అనుమతి పొందిన దుకాణమునకు పోయి, నలుగురిలో నిలిచి, తమకు కావలసినదానిని అడిగి కొనవచ్చును. బహిరంగస్థలములందు 30 గ్రాములవరకు ఎండుగంజాయిని దగ్గర నుంచుకొనవచ్చును. ఐనను కొనువానికి అచ్చట నెదురగు చిక్కు స్వల్పమైనది కాదు. పొట్లములన్నియు శాసనము ననుసరించి ఒకే తీరున సాదాగా, మూతి బిగించి యుండును. పైన పసుపుపచ్చని చదరములో ఆరోగ్యపు హెచ్చరిక, ఒక వింతపేరు, టీహెచ్‌సీ యను మత్తుపదార్థము నూటికి ఎన్ని పాళ్లున్నదో తెలుపు అంకె యొకటి కనబడును గాని, సరకు మాత్రము ముక్కున కందదు. అందుచేత పెక్కుమంది అంకెలను పోల్చి, పెద్దదానిని ఏరుకొని వెడలిపోవుదురు. కొన్ని దుకాణములవారు చిల్లుల మూతగల చిన్న సీసాలో నమూనా మొగ్గ నుంచి, కొనువారిని వాసన చూడనిత్తురు. ఆ సీసా చెప్పినంత సమాచారము చీటీమీది అక్షరములేవియు చెప్పజాలవని నా యభిప్రాయము.

ఆడుమొక్కల పూగుత్తులను కప్పియుండు జిగురునూగే ఈ వాసనకు జన్మస్థానము. మత్తుపదార్థమును, టర్పీన్‌లను సుగంధద్రవ్యములును ఆ నూగుతలలయందే పుట్టుచున్నవి. పుప్పొడి సోకి గింజ కట్టిన పూగుత్తి సారము తగ్గునను ఎరుక మనదేశమున నిన్న మొన్నటిది కాదు: 1893–94 సంవత్సరములలో విచారణ జరిపిన హెంప్ డ్రగ్స్ కమిషన్‌వారు, వంగదేశపు గంజాయితోటలలో మగమొక్కలను ముందుగానే గుర్తించి పెరికివేయుటకై ప్రత్యేకముగా నిపుణులుండెడివారని వ్రాసియున్నారు.

టర్పీన్‌లు గంజాయికి మాత్రమే సొత్తు కావు. మన పోపులపెట్టె వానితో నిండియున్నది. మిరియములలోను లవంగములలోను ఉండు కారియోఫిలీన్, నారింజతొక్కను నలిపినపుడు చిమ్ము లిమొనీన్, ధనియాలలోని లినలూల్, పైన్ చెట్ల జిగురులోని పైనీన్, మామిడిపండులోను నిమ్మగడ్డిలోను దొరకు మిర్సీన్, వేర్వేరు పాళ్లలో కలిసి ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క పరిమళమును కల్పించుచున్నవి. వీనికి తోడు, వెల్లుల్లిలోని వానికి దగ్గరి చుట్టములైన గంధక సంయోగములు కొన్ని అత్యల్ప పరిమాణమున నున్నను, స్కంక్ అను అమెరికా జంతువు విరజిమ్ము దుర్గంధమును తలపించు ఘాటును కలుగజేయునని 2021లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఈ ఘాటును కొందరు ఏవగించుకొందురు. కొందరు దానికొరకే వెదకుదురు. ఇంగువ వాసనకు మొగము చిట్లించువారును, అది లేనిదే పప్పుచారు ముట్టనివారును ఒకే యింట నుండుట చూచినవారికి ఇది వింతగా తోపదు.

దుకాణములలో రకములను రెండు జాతులుగా విభజించి చెప్పుట పరిపాటి. 1753లో లిన్నేయస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కకు సటైవా యని పేరిడెను. 1785లో లామార్క్ మనదేశమునుండి వచ్చిన మొక్కలను చూచి, వానికి ఇండికా యను పేరు వేరుగా పెట్టెను. నేటి వర్తకులు మొదటిది హుషారు నిచ్చుననియు, రెండవది నిద్ర పుచ్చుననియు శాస్త్రవాక్యమువలె వల్లింతురు. కాని 2021లో వెలువడిన ఒక జన్యుపరిశోధనలో, ఈ పేర్లకును మొక్కల వంశమునకును పొంతన కుదురలేదు; కొన్ని టర్పీన్‌లతో మాత్రము కొంత కుదిరినది. అనగా, ఆ పేర్లు పెట్టినవారు తెలిసియో తెలియకయో ముక్కుతోనే వర్గీకరించుచున్నారన్నమాట!

అంకె సంగతియు ఇంతకంటె మెరుగుగా లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున కొన్న మొగ్గలను పరీక్షించి 2023లో ప్రకటించిన ఒక పరిశీలనలో, పెక్కింటియందు టీహెచ్‌సీ చీటీపై వ్రాసినదానికంటె తక్కువగా నుండెను. పెద్ద అంకెకు పెద్ద ధర పలుకునపుడు అంకె పెరుగుటలో ఆశ్చర్యమేమున్నది? ఆరెగాన్ రాష్ట్రమున నమూనాల వివరములు తెలుపక పలువురిచేత వాడించి, 2022లో ప్రకటించిన మరియొక అధ్యయనమున, వాసన నచ్చినవారికే అనుభవమును నచ్చినట్లు కనబడెను. టీహెచ్‌సీ పాలు దానిని నిర్ణయింపలేదు. నచ్చిన వాసనయే మంచి అనుభవమును ఆశింపజేసి యుండవచ్చునని శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. లిమొనీన్ విషయమున మాత్రము, టీహెచ్‌సీవలన కలుగు ఆందోళనను అది తగ్గించెనని, కొలదిమందిపై జరిపి 2024లో ప్రకటించిన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగమొకటి తెలిపినది. తక్కిన టర్పీన్‌ల మహిమలనుగూర్చి గల్లాకడ వినవచ్చు మాటలలో ఋజువైనవి స్వల్పము.

కొనువాడు చూడవలసినది తేదీ. తేలికపాటి టర్పీన్‌లు ముందుగా ఎగిరిపోవును గనుక, చిరకాలము నిలువయున్న సరకు పేరేదైనను ఒకే చప్పిడివాసన కొట్టును. తొందరపడి ఎండబెట్టినది ఎండుగడ్డివలె నుండును. బూజువాసన వచ్చినది ఉచితముగా ఇచ్చినను తగదు. కెనడా పొట్లముపై కట్టిన తేదీ తప్పక ముద్రించి యుండును. అయితే ముక్కు తెలుపునది తాజాదనమును, ఇష్టమును మాత్రమే; మత్తు బలమును కాదు. టీహెచ్‌సీకి తనంతట వాసన లేదనవచ్చును గనుక, మనోహరమైన పరిమళముగల మొగ్గయే ప్రచండమైన మత్తు నీయవచ్చును. కొత్తవారు చిన్న అంకెగలదానినే ఏరుకొనుట మేలు. గర్భవతులును, కుటుంబమున చిత్తభ్రమరోగము ఉన్నవారును అసలు ముట్టకుండుట మేలు.

కెనడా, అమెరికా దేశములలో చదువుకొనుచున్న మన తెలుగు విద్యార్థులు ఎరుగవలసిన సంగతి మరియొకటి గలదు. మన రాష్ట్రములలో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి పూగుత్తులను నిషేధించుచున్నది. అమెరికాలో రాష్ట్రము అనుమతించినను కేంద్రశాసనము ఇంకను ఒప్పుకొనదు. పౌరసత్వము లేనివానికి ఒక్క పొట్లము వీసాకే ముప్పు తేగలదు. న్యూయార్క్ రాష్ట్రము 2021లోనే గంజాయిని అనుమతించినది. ఆంటారియోలోను అది చెల్లుచున్నది. ఐనను టొరాంటోలో న్యాయముగా కొన్న పొట్లమును సంచిలో వేసికొని నయాగరా వంతెన దాటి బఫలో చేరుట, ఉభయదేశముల శాసనములనుబట్టియు నేరమే.