స్టీరింగ్ తిప్పితే కారులో శబ్దమా? షెడ్డుకు వెళ్లే ముందు ఇవి చూడండి

గల్లీ మలుపులో స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రం దగ్గర టక్ టక్‌మని వినిపిస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం ఒక్క చప్పుడూ రాదు. "శబ్దం వస్తోంది భాయ్" అని మనం, "ఎక్కడ సాబ్, ఏం లేదు కదా" అని ఉస్తాద్. చివరికి అనుమానం మీద రెండు మూడు పార్టులు మారుస్తారు. బిల్లు కట్టి ఇంటికొస్తుంటే దారిలో మళ్లీ అదే టక్ టక్.

శబ్దం ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు వస్తోందన్నది ఎక్కువ చెబుతుంది. కారు ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఎడమకు తిప్పితేనా, కుడికి తిప్పితేనా? నున్నటి రోడ్డు మీద కూడా వస్తోందా, గుంతల్లోనేనా? ఈ మూడింటికి జవాబు తెలుసుకుని వెళ్తే మెకానిక్ పని సగం తగ్గుతుంది. మన జేబు మీద భారం కూడా. పైగా వీటిలో కొన్ని శబ్దాలతో నెల రోజులు తిరిగినా పెద్దగా ఏం కాదు. ఒకటి మాత్రం వినబడిన రోజే బండి పక్కన పెట్టాల్సిన రకం.

ముందు కారు నిలబెట్టి చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. బానెట్ లోపలి నుంచి మూలుగుతున్నట్టు "మ్‌మ్‌మ్" అని వస్తే పవర్ స్టీరింగ్ ఆయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. అయితే ఆయిల్‌తో నడిచే స్టీరింగ్ అన్ని కార్లలో ఉండదు. ఇన్నోవా, పాత స్కార్పియో లాంటి వాటిలో ఉంటుంది. స్విఫ్ట్, ఐ10 లాంటి చిన్న కార్లలో ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది కాబట్టి వాటికి స్టీరింగ్ ఆయిల్ అనేదే లేదు. ఆ మోటారు చేసే సన్నటి శబ్దం మామూలే. ఆయిల్ బండి అయితే చిన్న డబ్బా మీద కనీసం, గరిష్ఠం గీతలు చూడండి. తగ్గి ఉంటే పోయడం ఒక్కటే సరిపోదు, ఎక్కడ కారుతోందో కూడా కనిపెట్టాలి. ఆయిల్‌లో నురగ కనిపిస్తే లోపలికి గాలి వెళ్తోందని అర్థం. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోయకండి, లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. తిప్పగానే కీచుమంటే బెల్టు వదులై ఉండొచ్చు.

స్టీరింగ్ పూర్తిగా చివరకు తిప్పి అలాగే పట్టుకుంటే ఏ ఆయిల్ బండైనా కాస్త గుర్రుమంటుంది, అది జబ్బు కాదు. అలా నాలుగైదు సెకన్లకు మించి పట్టుకోకపోతే పంపుకు మంచిది.

నిలబడి ఉన్నప్పుడే "టంగ్" అని స్ప్రింగు తెంపుకున్నట్టు వచ్చి, చేతిలో స్టీరింగ్ చిన్నగా ఎగిరినట్టు అనిపిస్తే, అది షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంట్ లేదా దాని బేరింగ్. అది బిగుసుకుపోవడంతో స్ప్రింగు సాఫీగా తిరగలేక పట్టి పట్టి వదులుతుంది. ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమని బానెట్ తెరిచి పైభాగం చూస్తే ఆ కుదుపు కంటికే కనిపిస్తుంది. వెంటనే ప్రమాదమేం లేదు కానీ వాయిదా వేస్తూ పోకూడదు. శబ్దం మీ ముందున్న స్టీరింగ్ చక్రం లోపలి నుంచే, కాగితం రాసుకున్నట్టు వస్తూ, హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోతే మాత్రం మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోందేమో చూడండి. అక్కడ చుట్టలా ఉండే ఒక వైరు పట్టీ తెగితే ప్రమాదంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. "హారనే కదా" అని వదిలేసేవాళ్లు చాలామంది.

ఇప్పుడు మొదట చెప్పిన టక్ టక్ సంగతి. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకు తిప్పి, అద్దాలు దించి, ఫస్ట్ గేర్‌లో నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. తర్వాత రెండో వైపు. చక్రం తిరిగే వేగానికి తగ్గట్టు టక్ టక్ టక్‌మని వరసగా వస్తూ, యాక్సిలరేటర్ తొక్కితే పెరిగి, స్టీరింగ్ నేరుగా పెట్టగానే ఆగిపోతే అది దాదాపుగా యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింటే. ముందు చక్రాలు తిరగాలి, అదే సమయంలో మలుపుకు వంగాలి కూడా. ఆ రెండు పనులూ ఒకేసారి చేయించేది ఈ జాయింట్. లోపల ఉక్కు గోళీలు, వాటి చుట్టూ గ్రీజు, బయట మడతలు మడతలుగా రబ్బరు బూటు. సాధారణంగా ముందు చెడేది జాయింట్ కాదు, ఆ బూటే. బూటు చిరిగితే చక్రం తిరిగిన ఊపుకు గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము, వాన నీళ్లు లోపలికి పోతాయి. కొన్ని వారాల్లో గోళీలు అరిగి టక్ టక్ మొదలవుతుంది.

లెక్క అక్కడే మారిపోతుంది. బూటు ఒక్కటే చిరిగినప్పుడు దొరికితే కొత్త బూటు, గ్రీజు, కూలీతో పోతుంది. శబ్దం మొదలయ్యాక బూటు మార్చినా లాభం లేదు, జాయింట్ లేదా మొత్తం యాక్సిల్ మార్చాలి. ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. అందుకే సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ, బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు, రెండు వైపులా బూట్లు చూపించమని అడగండి. చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు మరకలు కనిపిస్తే అడగాల్సిన పని కూడా లేదు.

ఇంకో మాట. ఇన్నోవా, ఇన్నోవా క్రిస్టా, ఈకో లాంటి బండ్లను నడిపేది వెనుక చక్రాలు. వాటి ముందు చక్రాలకు ఈ యాక్సిలే ఉండదు. మీ ఇన్నోవాకు ముందు సీవీ జాయింట్ పోయిందని ఎవరైనా అంటే మర్యాదగా తాళం చెవి తీసుకుని ఇంకో షెడ్డుకు వెళ్లండి. కొత్త హైక్రాస్ మాత్రం వేరు, దానిది ముందు చక్రాల నడక.

వరసగా కాకుండా, స్టీరింగ్ తిప్పినప్పుడు ఒకసారి, గుంతలో పడినప్పుడు ఒకసారి "ఠక్" అని బరువుగా వస్తోందా? బండి రోడ్డు మీద అటూ ఇటూ లాగుతోందా? స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రం కదలనట్టు ఉందా? టైరు ఒక అంచునే అరుగుతోందా? పైన పక్కన పెట్టమన్న శబ్దం ఇదే. బాల్ జాయింట్ గానీ, టై రాడ్ ఎండ్ గానీ అరిగి ఉండొచ్చు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. టై రాడ్ ఊడితే ఆ చక్రానికీ స్టీరింగ్‌కూ సంబంధం తెగిపోతుంది. గల్లీలో జరిగితే బండి ఆగిపోతుంది. హైవే మీద, పిల్లలతో పెళ్లికి వెళ్తూ జరిగితే ఏమవుతుందో రాయనక్కర్లేదు. ఇలాంటి శబ్దం ఉంటే ఊరి ప్రయాణం మానేసి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా టోయింగ్ బండి పెట్టండి.

పరీక్ష సులువే. చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే బాల్ జాయింట్ లేదా చక్రం బేరింగ్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్ వైపు. ఇది మెకానిక్‌తో, స్టాండ్ పెట్టించి, మీ కళ్ల ముందు చేయించండి. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందకి ఎవరూ దూరకూడదు. కొత్త టై రాడ్ వేశాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే కొత్త టైర్లు కూడా తినేస్తుంది. "స్టీరింగ్ ర్యాకే పోయింది" అని మొదటి మాటే చెబితే తొందరపడకండి. అది పోదని కాదు, కానీ అన్నిటికంటే ఖరీదైన పార్టు అదే. చిన్నవి చూశాకే దాని దాకా రావాలి.

వేగంగా వెళ్తున్నప్పుడు హూమ్‌మని మోత వచ్చి, స్టీరింగ్ కాస్త ఎడమకు తిప్పగానే పెరిగితే కుడి చక్రం బేరింగ్, కుడికి తిప్పితే పెరిగితే ఎడమది కావచ్చు. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి. ఎగుడుదిగుడుగా అరిగిన టైర్లు కూడా ఇలాగే మోగుతాయి. ముందువి వెనక్కి మార్పిస్తే మోత కూడా చోటు మారితే తప్పు టైర్లదే. పూర్తిగా తిప్పినప్పుడే బర్‌మని రాసుకుంటే లోపలి ప్లాస్టిక్ కవర్ జారి ఉంటుంది, లేదా వెడల్పు టైర్లు వేయించి ఉంటారు. మట్టి రోడ్డు మీద వెళ్లొచ్చాక గరగర మొదలైతే బ్రేకు డిస్కు వెనుక రేకులో రాయి ఇరుక్కుని ఉండొచ్చు.

షెడ్డుకు వెళ్లేటప్పుడు శబ్దం ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర నిలబడి, బండి కదలకుండా ఉన్నప్పుడే తీయాలి. నడుస్తున్నప్పుడు వచ్చే శబ్దమైతే పక్క సీట్లో కూర్చున్నవాళ్లు తీస్తే చాలు. మార్చిన పాత పార్టు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి. సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నవాళ్లు బయానా ఇచ్చే ముందు ఖాళీ స్థలంలో రెండు వైపులా ఆ గుండ్రటి చుట్టు వేసి చూడాలి, ఆడియో సిస్టం ఆపేసి మరీ. అమ్మేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో పాటలు ఎందుకు పెడతారో మీకు వేరే చెప్పాలా!